పిల్లి ప్రయాణం నెల ముందే మొదలవ్వాలి

సంక్రాంతి సెలవులు మొదలయ్యాక హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కదిలే కార్లలో, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి నిలిచిపోయే వాహనాల్లో, ఈమధ్య పిల్లులు కూడా ఉంటున్నాయి. అపార్ట్‌మెంట్లలో పిల్లిని పెంచుకునే కుటుంబాలు పెరిగాయి. పండగకు ఇంటిల్లిపాదీ ఊరెళ్తుంటే దాన్ని ఎవరికి అప్పగించాలో తెలియక వెంట తీసుకెళ్తున్నారు. దారి పొడవునా అది అరుస్తూనే ఉంటుంది, చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది, పెట్టెలోనే మలమూత్రాలు వదిలేస్తుంది. ఊరు చేరేసరికి మనుషులూ నీరసిస్తారు, పిల్లీ నీరసిస్తుంది. ‘దీనికి కారు పడదు’ అని ఇంట్లో తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు తప్పని నా వాదన. చాలా పిల్లులకు పడనిది కారు ఒక్కటే కాదు. కారు ఎక్కించేలోపు మనం దానితో ప్రవర్తించే తీరు. ప్రయాణం రోజు కనిపించే భయం ఆ రోజు పుట్టింది కాదు. అంతకు ముందు ఎన్నోసార్లు మన చేతులతో మనమే నేర్పిన పాఠం అది. అందుకే దాన్ని మాన్పించే పని కూడా కారు తాళాలు చేతికి తీసుకున్నాక కాదు, నెల ముందే, ఇంట్లోనే, బండితో సంబంధం లేకుండా మొదలవ్వాలి.

పిల్లికి భద్రత అంటే ముందుగా చోటు. కుక్క తన మనిషి ఎక్కడుంటే అక్కడ ధైర్యంగా ఉండగలదు. పిల్లికి మనిషి మీద ఎంత ప్రేమ ఉన్నా, తన వాసన అంటిన గోడలూ గడపలూ సోఫా అంచులూ చుట్టూ ఉంటేనే నిబ్బరం. బుగ్గలు రాసుకుంటూ తిరిగేది అందుకే: ముఖం దగ్గరి గ్రంథుల వాసనను వస్తువులకు పూసి, ఇది నాకు తెలిసిన జాగా అని గుర్తు పెట్టుకుంటుంది. కారులో అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు. అయితే ఇంతమాత్రాన పిల్లి కదలడమే ఇష్టపడని జంతువని అనుకోవడానికి లేదు. తల్లిపిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెతే చెబుతోంది కదా. అక్కడ నిర్ణయం దానిది. ముందు వెళ్ళి చోటు చూసి, వాసన పట్టి, నమ్మకం కుదిరాక ఒక్కో కూననే నోట కరుచుకుని తరలిస్తుంది. మనిషి వెంట ప్రయాణమూ పిల్లికి కొత్త కాదు: సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు కాబట్టి ఎవరో పడవ మీద తీసుకెళ్ళి ఉండాలి. తర్వాతి కాలంలో ఓడల మీద పిల్లులు ఏళ్ళ తరబడి బతికాయి; వాటికి ఓడే ఇల్లయింది. తానుగా కదిలే పిల్లికీ, కదిలించబడే పిల్లికీ మధ్య ఉన్న ఈ తేడాలోనే మొత్తం సమస్యా, పరిష్కారమూ కూడా ఉన్నాయి.

మన ఇళ్ళలో జరిగేదేమిటో చూద్దాం. పిల్లి పెట్టె ఏడాదంతా అటక మీదో, బాల్కనీలో పాత సామాన్ల వెనకో ఉంటుంది. టీకాకో జబ్బుకో డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన పూట మాత్రమే కిందికి దిగుతుంది. దాని మీద దుమ్ము వాసన, కిందటిసారి భయంతో పోసిన మూత్రపు వాసన, ఆసుపత్రి ఫినాయిల్ వాసన. ఆ చప్పుడు వినగానే పిల్లి మంచం కిందికి దూరుతుంది. ఒకరు చీపురుతో అదిలిస్తారు, ఒకరు మెడ వెనక చర్మం పట్టి లాగుతారు, ఇంకొకరు పెట్టె మూత బిగిస్తారు. పదిహేను నిమిషాల తర్వాత కుదుపులూ హారన్లూ, ఆ తర్వాత కుక్కల అరుపుల మధ్య నిరీక్షణ, చివర సూది. సూది వేసే డాక్టరును గుమ్మంలో చూడగానే గుక్కపెట్టే పసిపిల్లలో మనకు మొండితనం కనిపించదు, జ్ఞాపకశక్తి కనిపిస్తుంది. పిల్లి విషయంలోనూ అంతే: అది తెలివైన జంతువు కాబట్టే పెట్టెకూ ఆపదకూ ఉన్న సంబంధాన్ని ఒకటి రెండు అనుభవాల్లోనే పట్టేస్తుంది. పైగా కారు కుదుపుకు లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ తికమకపడి కడుపులో తిప్పడం మొదలైతే, ఆ వికారం కూడా అదే ఖాతాలో చేరుతుంది. భయం, వికారం ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. అప్పుడు అది గీరితే, కరిస్తే, అందులో దాని తప్పు లేదు.

ఈ పాఠాన్ని తిరగరాయవచ్చా? వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం దీనికి సూటిగా జవాబిస్తుంది. 22 పిల్లులను తీసుకుని సగం వాటికి ఆరు వారాల్లో 28 విడతలుగా పెట్టెనూ, కారునూ అలవాటు చేశారు. మిగతా సగాన్ని అలాగే వదిలేశారు. తర్వాత అన్నిటినీ కారులో తిప్పి, డాక్టరు పరీక్ష కూడా చేయించి గమనించారు. అలవాటు పొందిన పిల్లుల్లో ఒత్తిడి లక్షణాలు తగ్గాయి, వాటి వైద్య పరీక్ష కూడా త్వరగా ముగిసింది. ఇవి అప్పుడే పుట్టిన కూనలు కావు, అంతకు ముందే కారు ఎక్కిన అనుభవం ఉన్నవి. పాత అనుభవం మీద కొత్త అనుభవం పేర్చవచ్చన్నది దీనితో తేలుతోంది. 2014లో నెదర్లాండ్స్‌లో ఒక పిల్లుల ఆశ్రయ కేంద్రంలో జరిగిన పరిశీలన ఇంకా సాదాసీదాది. కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. దాక్కునే చోటు దొరికినవి తొలి రోజుల్లోనే గణనీయంగా కుదుటపడ్డాయి. ఇది ప్రయాణం గురించిన అధ్యయనం కాదు, నిజమే. కానీ ఒక విషయం చెబుతోంది: పిల్లికి పెట్టె శత్రువు కాదు. నాలుగు గోడల ఇరుకు చోటును అది స్వయంగా వెతుక్కుంటుంది. కొరియర్ అట్టపెట్టె ఖాళీ చేసిన మరుక్షణం పిల్లి అందులో కూర్చోవడం పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిందే. అంత ఇష్టమైన ఆకారాన్ని శిక్షగా మార్చింది మన వాడకం.

కాబట్టి మొదట చేయాల్సింది పెట్టెను అటక మీంచి శాశ్వతంగా దించడం. సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టి, వాసన పోయాక, పిల్లి మామూలుగా పడుకునే మూలలోనే ఉంచాలి. పై సగం విడదీయడానికి వీలైన గట్టి ప్లాస్టిక్ పెట్టె అయితే మేలు. మొదట కింది సగం మాత్రమే పెట్టి, పిల్లి వాడే పాత దుప్పటో, ఇంట్లోవాళ్ళు కట్టి విడిచిన చీరముక్కో పరచాలి. అన్నం గిన్నె రోజుకు కాస్త చొప్పున దాని దగ్గరికి జరుపుతూ, చివరికి లోపలే పెట్టాలి. తలుపు ఉందన్న సంగతి పిల్లి పట్టించుకోనంతగా అలవాటయ్యాకే పై సగం బిగించాలి, ఆ తర్వాతే తలుపు: ముందు క్షణం పాటు మూసి తీయడం, తర్వాత నిమిషం, తర్వాత తాయిలం తిని ముగించేంత సేపు. లేపి గది దాటించడం ఒక మెట్టు, ఆగి ఉన్న కారులో పెట్టి కాసేపు కూర్చోవడం మరో మెట్టు, ఇంజను వేసి కదలకుండా ఉండటం ఇంకో మెట్టు, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేయడం ఆ పైది. ఇక్కడ నియమం ఒకటే: పిల్లి తాయిలం తీసుకుంటున్నంత కాలం ముందుకు, మానేసిన చోట ఒక మెట్టు వెనక్కు. తినడం మానేయడమే పిల్లి మనకు చెప్పే మాట. చాలామంది మూడు రోజుల్లో ఆఖరి మెట్టుకు చేరాలని చూసి, మొత్తం పాడుచేసుకుని, ఇది పనిచేయదని తేల్చేస్తారు. ఈ పద్ధతిలో ఆలస్యం లోపం కాదు, ఆలస్యమే మందు. ఇంకొకటి: ఈ చిన్న ప్రయాణాలన్నీ ఇంటికే తిరిగి రావాలి, ఆసుపత్రికి కాదు. కారెక్కిన ప్రతిసారీ సూది ఉండదని పిల్లికి తెలియాలంటే సూది లేని ప్రయాణాలు ఎక్కువ ఉండాలి మరి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఒకటుంది. ‘ఇంత తతంగం ఎందుకు? నాలుగుసార్లు తీసుకెళ్తే అదే అలవాటవుతుంది. మా పిల్లి మొదట అరిచేది, ఇప్పుడు కిక్కురుమనదు.’ కిక్కురుమనకపోవడం అంటే కుదుటపడటమని ఎలా అనగలం? భయపడిన పిల్లి ముందున్న దారులు మూడు: పారిపోవడం, తిరగబడటం, బిగుసుకుపోవడం. మొదటి రెండూ మూసేశాక మిగిలేది మూడోదే. పెట్టె వెనక గోడకు ఒత్తుకుని, ఒళ్ళు ముడుచుకుని, కాళ్ళు పొట్టకింద బిగించి, కనుపాపలు బాగా విచ్చుకుని, చెవులు పక్కలకు వాలి ఉన్న పిల్లి నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా లేదు. నిశ్చింతగా ఉన్న పిల్లి ప్రయాణంలో పక్కకు ఒరిగి పడుకుంటుంది, ఒళ్ళు నాక్కుంటుంది, ఇచ్చింది తింటుంది. మనుషులం అరుపునే బాధకు కొలతగా తీసుకుంటాం కాబట్టి, అరవని పిల్లి బాధ మన లెక్కలోకే రాదు. బలవంతపు అలవాటు కొన్ని పిల్లుల్లో భయాన్ని తగ్గించవచ్చేమో గానీ, ఎక్కువ పిల్లుల్లో దాన్ని లోపలికి నెడుతుంది. ఊరు చేరాక రెండు రోజులు అన్నం ముట్టకపోవడం, మంచం కింద నుంచి రాకపోవడం, ఇసుక తొట్టి బయట మూత్రం పోయడం ఆ మూల్యమే.

రెండో అభ్యంతరం సులువు దారి గురించి: నిద్రమాత్ర వేస్తే పోలేదా? మందులకు నేను వ్యతిరేకిని కాదు. నిజానికి తీవ్రంగా భయపడే పిల్లికి మందు ఇవ్వకపోవడమే క్రూరత్వం. 2017లో కాలిఫోర్నియాలో 20 పెంపుడు పిల్లుల మీద జరిగిన పరిశీలనలో, ఏ రోజు ఇచ్చింది అసలు మందో ఏ రోజు ఇచ్చింది ఉత్తిదో యజమానులకు తెలియకుండా చూశారు. ఆసుపత్రి ప్రయాణానికి గంటన్నర ముందు గాబాపెంటిన్ ఇచ్చిన రోజున ఒత్తిడి బాగా తగ్గింది. కొన్ని పిల్లులు కొన్ని గంటలు మత్తుగా తూలాయి, తర్వాత మామూలయ్యాయి. ప్రయాణ భయానికీ, ఆసుపత్రి భయానికీ అని ప్రత్యేకంగా పిల్లుల కోసమే ప్రెగాబలిన్ ద్రవాన్ని ఐరోపా 2021లో, అమెరికా 2023లో అనుమతించాయి. కానీ ఇవన్నీ పిల్లిని పరీక్షించి, బరువు చూసి, మూత్రపిండాల స్థితి తెలుసుకుని పశువైద్యుడు నిర్ణయించాల్సినవి. ఒకసారి ఇంట్లోనే ఇచ్చి ఎలా ఉంటుందో చూసుకున్నాకే ప్రయాణానికి వాడాల్సినవి. ఇంట్లో ఉన్న మాత్రను సగం విరిచి పాలలో కలపడం ప్రాణాల మీదికి తెస్తుంది. మనకు జ్వరానికి వాడే పారాసెటమాల్‌ను విరిచి విసర్జించే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు; ఒక్క మాత్ర చాలు చంపడానికి. ఒళ్ళును మాత్రం పడుకోబెట్టి భయాన్ని అలాగే ఉంచే పాతకాలపు మత్తుమందును ఒక్కదాన్నే వాడటాన్ని వైద్యులే ఇప్పుడు వద్దంటున్నారు. ఇక మందు ఎంత మంచిదైనా పెట్టె పాఠాన్ని తనంతట తాను నేర్పదు. నేర్చుకోవడానికి వీలైనంతగా భయాన్ని కిందికి దించుతుంది, అంతే.

‘మనుషులకే అంబులెన్సు దిక్కులేని చోట పిల్లికి ఆరు వారాల శిక్షణా?’ అని అడిగేవారు ఉంటారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చను. అయితే ఇక్కడ మనిషి ఆరోగ్యం, పిల్లి ప్రయాణం విడివిడి సంగతులు కావు. 2011లో అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో 58 శాతం పిల్లి యజమానులు తమ పిల్లికి ఆసుపత్రికి వెళ్ళడమంటే అసహ్యమని చెప్పారు; 38 శాతం మంది ఆ ఆలోచనకే తమకు ఒత్తిడి కలుగుతుందన్నారు. కుక్కలకంటే పిల్లులు తక్కువగా వైద్యం పొందడానికి ఇదొక కారణమని ఆ సర్వే తేల్చింది. మన దగ్గర దాని అర్థం మరింత గంభీరం. రేబిస్ ఎక్కువగా కుక్క కాటుతోనే వచ్చినా, పిల్లి కాటుతోనూ, రక్తం వచ్చేలా గీరినా రావచ్చు. తీసుకెళ్ళడం కష్టమని టీకా వేయించని పిల్లిని, ఏదో ఒక రోజు తప్పక సంచిలో కుక్కబోయి కరిపించుకుని, ఆ ఇంటి మనిషి రేబిస్ సూదుల కోసం ప్రభుత్వాసుపత్రి క్యూలో నిలబడాల్సి వస్తుంది. అత్యవసరాల సంగతి సరేసరి. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ రాత్రి పెట్టె అలవాటు చేయడానికి సమయం ఉండదు. ఆసుపత్రికి చేరాక కూడా భయం వైద్యాన్ని తప్పుదారి పట్టిస్తుంది. కేవలం ఒత్తిడికే పిల్లి రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుతాయి; మధుమేహం లేని పిల్లికి ఉన్నట్టు కనిపించవచ్చు. ఇక ఆరు వారాల మాటకొస్తే, రోజుకు అయిదు నిమిషాలు, అదీ ఎలాగూ పెట్టే అన్నాన్ని పెట్టెలో పెట్టడం. ఖర్చు లేని పని.

పల్లెల్లో పిల్లిని గోనెసంచిలో మూటగట్టి పొరుగూళ్ళో వదిలేసేవారు, అయినా బతికేది కదా అంటారు కొందరు. బతికిన వాటినే మనం చూశాం. సంచిలో ఊపిరాడక, వేడికి సొమ్మసిల్లి పోయినవి ఎవరి లెక్కలోకీ రాలేదు. పిల్లికి చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్ళలోనే. అది నోరు తెరిచి ఆయాసపడుతోందంటే కుక్కలా మామూలు విషయం కాదు, ప్రమాద సూచన. ఎండలో ఆపిన కారు సంగతి 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు కొలిచి చూశారు. బయట 22 డిగ్రీల చల్లని రోజున కూడా గంటలో లోపలి వేడి సగటున మరో 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించినా పెద్దగా తేడా రాలేదు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం, టీ తాగి వస్తామని పిల్లిని కారులో వదలడం ఎలాంటి పనో వేరే చెప్పనవసరం లేదు.

ప్రయాణం రోజు గురించి క్లుప్తంగానే చెప్పాలి, ఎందుకంటే అసలు పని అప్పటికే అయిపోయి ఉండాలి. మూడు నాలుగు గంటల ముందు నుంచి అన్నం పెట్టకూడదు, నీళ్ళు ఆపకూడదు. పెట్టె మీద పల్చటి తువ్వాలు కప్పి, ముందు సీటు వెనక కాళ్ళు పెట్టుకునే చోట కదలకుండా అమర్చాలి. కారులో పిల్లిని ఒళ్ళో పెట్టుకోవడం, వదిలేయడం వద్దు: బెదిరి డ్రైవరు కాళ్ళ మధ్య, బ్రేకు కింద దూరితే పోయేది దాని ప్రాణం ఒక్కటే కాదు. దారిలో ఆగినప్పుడు తలుపులన్నీ మూసి ఉండగా తప్ప పెట్టె తెరవకూడదు. రహదారి పక్కన తప్పించుకున్న పిల్లి దొరకడం అరుదు. పాటలు తగ్గించండి, అది అరిచిన ప్రతిసారీ తిరిగి అరవకండి. ఇక నిజాయతీగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నాలుగు రోజుల పండగ కోసమే అయితే చాలా పిల్లులకు ప్రయాణమే అక్కర్లేదు. రోజుకు రెండుసార్లు వచ్చి అన్నం, నీళ్ళు, ఇసుక చూసే నమ్మకస్తులు పక్క ఫ్లాటులో దొరికితే, తన వాసన ఉన్న ఇంట్లో మనం లేకుండా ఉండటమే దానికి తక్కువ బాధ. పెట్టె అలవాటు చేయమని అడిగేది అన్ని ఊళ్ళకూ తిప్పడానికి కాదు, తప్పనిసరైన రోజు కోసం.

భారమంతా పెంచుకునేవారి మీదే వేయడం న్యాయం కాదు. 2022లో అంతర్జాతీయ పిల్లి వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు మెడ చర్మం పట్టి లేపడం మానాలనీ, వీలైతే పెట్టె కింది సగంలోనే ఉంచి పరీక్షించాలనీ చెబుతున్నాయి. మన నగరాల పశువైద్యశాలల్లో కుక్కలకు ఎదురుగా పిల్లి పెట్టెను నేల మీద పెట్టి గంట కూర్చోబెట్టడం ఇంకా మామూలే. ఒక మూల బల్ల, పెట్టె మీద కప్పడానికి ఒక గుడ్డ, పిల్లులకు విడిగా ఒక వేళ కేటాయించడం ఏ ఆసుపత్రికీ భారం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షను అనవసర బాధ కలిగేలా జంతువును తీసుకెళ్ళడాన్ని నేరమంటోంది. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ సెక్షనుతో ఇళ్ళలో తనిఖీలు చేయమని నేను కోరను. చట్టం పనికొచ్చే చోటు వేరే ఉంది: కూనలను అమ్మే చోట. పిల్లికూన మనుషులకూ కొత్త అనుభవాలకూ సులువుగా అలవాటుపడే కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఎనిమిది వారాలు నిండని కూనను దుకాణంలో అమ్మరాదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. మంచి నిబంధనే అది. కానీ దాని పర్యవసానంగా ఆ విలువైన వారాలన్నీ కొనేవారి ఇంట్లో కాక పెంచి అమ్మేవారి దగ్గరే గడిచిపోతాయి. ఇరవై, ముప్ఫై వేలకు పర్షియన్ కూనను అమ్మేవారు దాన్ని పెట్టెలో పడుకోవడానికీ, నాలుగు చిన్న ప్రయాణాలకూ అలవాటు చేసి, ఆ పెట్టెతో సహా అప్పగించాలి. దుకాణాల రిజిస్ట్రేషను ఇచ్చే రాష్ట్ర జంతు సంక్షేమ మండళ్ళు దీన్ని ఒక షరతుగా చేర్చాలి, మొదటి టీకాకు వచ్చిన కూనను ఏ పెట్టెలో తెచ్చారో, ఆ పెట్టె ఇంట్లో ఎక్కడ ఉంటుందో వైద్యులు అడిగి, కార్డు మీద రాయాలి.